పోయాక ఈ ఒళ్ళెవరిది? – మార్కాపురం వైపు నుంచి ఒక చూపు

నేత్రదానం, అవయవదానం, శరీరదానం... ఈ మూడు మాటల్నీ మనం ఒకే అర్థంలో వాడేస్తుంటాం. ఆఫీసుల్లో ఏడాదికోసారి హెచ్చార్ వాళ్ళు పంపే మెయిల్ కూడా అంతే, "ప్రతిజ్ఞ చెయ్యండి, సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకోండి" అంటుంది. కానీ చట్టం దృష్టిలో ఇవి వేరు వేరు. వేరు వేరు కాలాల్లో, వేరు వేరు భయాల్లోంచి పుట్టాయి. మాది గిద్దలూరు వైపు. హైదరాబాదులోనో బెంగుళూరులోనో కూర్చుని చూస్తే ఈ తేడా పెద్దగా తెలీదు. నల్లమల పక్కన నిలబడి చూస్తే మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ముందు శరీరదానం సంగతి చూద్దాం. వైద్యం నేర్చుకోవాలంటే శవాన్ని కోసి చూడాలి. మరి శవం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంగ్లండులో 1752 నాటి చట్టం, హత్య చేసి ఉరికంబం ఎక్కినవాళ్ళ శవాలని కోతకి ఇచ్చింది. అవి చాల్లేదు. దాంతో కొత్త సమాధులు తవ్వి శవాలు అమ్ముకునే వ్యాపారం మొదలైంది. 1828లో ఎడింబరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు, తవ్వే శ్రమ కూడా ఎందుకనుకున్నారు కాబోలు, 16 మందిని చంపి ఒక అనాటమీ డాక్టరుకి అమ్మేశారు. బర్క్‌ని 1829 జనవరిలో ఉరి తీసి, అతని శవాన్నీ కోసేశారు. ఆ అస్థిపంజరం ఇప్పటికీ ఎడింబరో యూనివర్సిటీలో ఉంది.

ఈ గొడవంతా అయ్యాక 1832లో అనాటమీ చట్టం వచ్చింది. దాని కిటుకు చాలా సింపుల్. అనాథ శరణాలయాల్లో, ఆస్పత్రుల్లో చనిపోయి, ఎవరూ వచ్చి అడగని శవాల్ని వైద్య కళాశాలలకి ఇచ్చెయ్యొచ్చు. అంటే నిన్నటిదాకా హంతకుడికి వేసిన శిక్ష ఆ రోజు నుంచి దిక్కులేని పేదవాడి వంతయింది. ఆ పేదవాణ్ణి బతికుండగా ఎవరూ అడగలేదు.

మన దేశంలో 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా శవపరిచ్ఛేదం చేసి పాత కట్టుబాటుని దాటాడు. చట్టాలు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చాయి. బొంబాయిలో 1949లో, మద్రాసులో 1951లో అనాటమీ చట్టాలు చేశారు. పద్ధతి అదే, ఎవరూ రాని శవం కాలేజీకి.

1951లో మార్కాపురం, గిద్దలూరు ఎక్కడున్నాయో గుర్తు చేసుకోండి. కర్నూలు జిల్లాలో, మద్రాసు రాష్ట్రంలో. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు నుంచి విడిపోయి అందులో కలిశాయి. 1972లో ఆ జిల్లాకి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. ఇన్నిసార్లు రాష్ట్రం, జిల్లా మారినా ఒకటి మారలేదు, పెద్దాస్పత్రి ఎప్పుడూ దూరమే. విశాఖపట్నంలో మెడికల్ కాలేజీ 1923లో, గుంటూరులో 1946లో, కర్నూల్లో 1957లో వచ్చాయి. గుంటూరు–గుంతకల్లు రైలు మార్గంలో మనం సరిగ్గా మధ్యలో ఉండేవాళ్ళం. అటు వెళ్ళినా దూరమే, ఇటు వెళ్ళినా దూరమే. ఒంగోల్లో రిమ్స్ వచ్చాక కూడా మార్కాపురం నుంచి దాదాపు వంద కిలోమీటర్లు, గిద్దలూరు నుంచి ఇంకా ఎక్కువ.

ఇక అవయవదానం. దీని కథ వేరు. 1967 డిసెంబరు 3న కేప్‌టౌన్‌లో బర్నార్డ్ మొదటిసారి మనిషి గుండె మార్చాడు. అప్పుడు ప్రపంచానికి ఒక చిక్కు ప్రశ్న ఎదురైంది. గుండె ఆగితేనే చావు అన్నది పాత లెక్క. ఆగిపోయిన గుండె ఇంకొకరికి పనికిరాదు. కొట్టుకుంటున్న గుండె తీస్తే అది హత్య. మరెలా? మెదడు పూర్తిగా, తిరిగి రాని విధంగా ఆగిపోతే అదే చావు అని చట్టం ఒప్పుకోవాలి.

మన దగ్గర ఈ ఒప్పుకోలు 1994లో పార్లమెంటు చేసిన మానవ అవయవాల మార్పిడి చట్టంతో జరిగింది. బ్రెయిన్ స్టెమ్ డెత్‌ని మరణంగా గుర్తించడం ఒక కారణం, మద్రాసు, బొంబాయి లాంటి చోట్ల బాహాటంగా నడిచిన కిడ్నీల బజారుని ఆపడం రెండో కారణం. అదే ఏడాది ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలో మొదటి విజయవంతమైన గుండె మార్పిడి చేసిన డాక్టర్ పి. వేణుగోపాల్ మన రాజమండ్రిలో పుట్టినవాడే.

వైద్యం రాష్ట్రాల జాబితాలో ఉంది కాబట్టి ఆ చట్టాన్ని రాష్ట్రాలు తీర్మానం చేసి తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ అలా తీసుకోకుండా 1995లో సొంత చట్టం చేసుకుంది. మన భాషలో చెప్పాలంటే ఫోర్క్ చేసుకుంది :) ఫోర్క్ చేస్తే ఏమవుతుందో మనకి చెప్పక్కర్లేదు. అసలు దాంట్లో చేసిన సవరణలు దానంతటవి ఇక్కడికి రావు. కేంద్ర చట్టానికి 2011లో పెద్ద సవరణ జరిగి, 2014 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. కణజాలాలు చేరాయి, దగ్గరి బంధువుల్లో తాతలు, నానమ్మ, అమ్మమ్మలు, మనవలు చేరారు, అవయవాల వ్యాపారానికి శిక్ష 5 నుంచి 10 ఏళ్ళకి పెరిగింది. తెలంగాణ శాసనసభ ఆ చట్టాన్ని తీసుకుంటూ తీర్మానం చేసింది 2025 మార్చిలో!

సరే, చట్టం ఉంది. ఇప్పుడు దోర్నాల ఘాట్‌లో బండి మీద పడి తలకి దెబ్బ తగిలిన కుర్రాడొకడు ఉన్నాడనుకుందాం. అతను ప్రతిజ్ఞ చేశాడు, కార్డు కూడా పర్సులో ఉంది. అతని కిడ్నీలు ఇంకొకరికి అందాలంటే ఏం జరగాలి? వెంటిలేటర్ ఉన్న ఆస్పత్రికి ప్రాణంతో చేరాలి. అక్కడ నలుగురు డాక్టర్లు, అందులో ఒకరు మెదడు నిపుణులు, ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్ష చేసి సంతకాలు పెట్టాలి. అవయవాలు తీసే ఆస్పత్రికి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇంట్లోనో, దారిలోనో పోయినవాడి కార్డు ఆచరణలో కిడ్నీకి, గుండెకి పనికిరాదు. హక్కు అందరికీ ఒకటే, కానీ అది పనిచేసే గది మాత్రం మనకి వంద కిలోమీటర్ల అవతల ఉంది. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ కోసం బస్సెక్కే వాళ్ళున్న ప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు.

అయితే అదే చట్టంలో పెద్దగా ఎవరూ చెప్పుకోని ఒక చిన్న వెసులుబాటు ఉంది. పదో సెక్షన్ ప్రకారం అవయవాలకి సంబంధించిన పనంతా రిజిస్టరైన ఆస్పత్రిలోనే జరగాలి, కళ్ళకీ చెవులకీ తప్ప! ఆ రెంటినీ ఎక్కడైనా తియ్యొచ్చు. మనిషి పోయిన ఇంట్లోనే, మంచం మీదే. మొదట డాక్టరే తియ్యాలన్నారు, 2011 సవరణ శిక్షణ ఉన్న టెక్నీషియన్‌కి కూడా కార్నియా తీసే వీలిచ్చింది. గుండె ఆగిన ఆరు గంటల్లోపు అయితే చాలు. కళ్ళద్దాలున్నా, షుగరున్నా, శుక్లాల ఆపరేషన్ అయినా అడ్డు కాదు. మా వైపు ఊళ్ళకి ఈ చట్టంలో నిజంగా అందుబాటులో ఉన్న వాక్యం ఇదొక్కటే అని నా అభిప్రాయం.

శరీరదానం కూడా వీలవుతుంది, కానీ అది అవయవ మార్పిడి చట్టం కిందకి రాదు, పాత అనాటమీ చట్టాల దారే దానిది. శవాన్ని కాలేజీకి చేర్చాలి, మరణ ధ్రువపత్రం కావాలి. పోస్ట్‌మార్టమ్ అయిన శరీరాన్ని సాధారణంగా తీసుకోరు. కళ్ళు ఇచ్చాక శరీరం ఇవ్వడానికి ఇబ్బంది లేదు. 2024లో సీతారాం ఏచూరి శరీరాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కి, ప్రొఫెసర్ సాయిబాబా శరీరాన్ని సికిందరాబాదు గాంధీ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. 1832లో దిక్కులేనివాళ్ళని పడుకోబెట్టిన బల్ల మీదకి, కావాలని వచ్చినవాళ్ళు వీళ్ళు. రెండు వందల ఏళ్ళలో జరిగిన అసలు మార్పు ఇదే అంటాను.

మరి అడిగే హక్కు ఎవరిది? అమెరికాలో ఉన్న మిత్రులు డ్రైవింగ్ లైసెన్స్ తీసుకునేటప్పుడు టిక్కు పెట్టే ఉంటారు. అక్కడ 1968 నుంచి ఉన్న నమూనా చట్టాన్ని 2006లో సవరించి, పోయినవాడి మాటని ఇంట్లోవాళ్ళు మార్చకుండా గట్టి చేశారు. మన చట్టం కూడా, ఇద్దరు సాక్షుల ముందు (అందులో ఒకరు దగ్గరి బంధువు) రాసిచ్చి, తర్వాత వెనక్కి తీసుకోకపోతే, శరీరం ఎవరి అధీనంలో ఉందో వాళ్ళు సహకరించాలనే అంటుంది. ఆచరణలో మాత్రం ఇంట్లోవాళ్ళు వద్దంటే ఏ ఆస్పత్రీ ముందుకెళ్ళదు. ఏడుస్తున్న తల్లితో చట్టం మాట్లాడే డాక్టరుని నేను ఊహించలేను, ఊహించక్కర్లేదు కూడా.

అంచేత నా మాటొక్కటే. కార్డు చేయించుకోండి, మంచిదే. అంతకంటే ముందు ఈసారి ఊరెళ్ళినప్పుడు అన్నం దగ్గర ఈ మాట ఎత్తండి. ఒంగోలు, నంద్యాల, కర్నూలు, గుంటూరు... మీ ఊరికి ఆరు గంటల్లో రాగలిగిన కంటి బ్యాంకు ఏదో కనుక్కుని, ఆ ఫోన్ నంబరు ఇంట్లో గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టండి. పోయిన వెంటనే ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, తడి దూది పెట్టి, తలకింద దిండు పెట్టాలని కూడా చెప్పండి. అమ్మానాన్నలు ఊళ్ళో, మనం దూరంగా ఉన్న ఇళ్ళల్లో ఆ ఫోను చేసేది మనం కాదు, పక్కింటివాళ్ళు. వాళ్ళకీ తెలియాలి.