కోచ్‌ని మారిస్తే సరిపోయిందా?

ఐస్ హాకీ జట్టు ఓడితే అభిమానులు ముందు తిట్టేది కోచ్‌నే. మా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో మేనేజర్ గతీ అంతే లెండి!

సెయింట్ లూయిస్ బ్లూస్ సంగతి చూడండి. 2018 నవంబర్ 19న కోచ్ మైక్ యోను తీసేసి క్రెయిగ్ బెరూబీకి పగ్గాలిచ్చారు. అయినా 2019 జనవరి 3న లీగ్‌లోని 31 జట్లలో ఆఖరి స్థానం వాళ్ళదే. ఆటగాళ్ళ మార్పిడికి గడువు ఫిబ్రవరి 25. ఆలోపు తరసెంకో లాంటి పెద్ద ఆటగాళ్ళను వదిలించుకోవాలన్న మాట గట్టిగానే వినపడింది. జనరల్ మేనేజర్ డగ్ ఆర్మ్‌స్ట్రాంగ్ తొందరపడలేదు. జనవరి 7న కొత్త గోలీ జోర్డన్ బినింగ్టన్‌ను దింపితే, ఫిలడెల్ఫియాకు ఒక్క గోలూ ఇవ్వలేదు. ఆ నెలాఖరు నుంచి వరసగా 11 విజయాలు! గడువు రోజు తెచ్చుకున్నది డెల్ జొట్టో అనే డిఫెన్స్ ఆటగాణ్ణి. నన్నడిగితే, కోచ్ మార్పు కన్నా ఆ ఓపికకే ఎక్కువ మార్కులు వేస్తాను.

జూన్ 12న బోస్టన్‌లో ఏడో ఆట 4-1తో గెలిచారు. 1967 నుంచి ఆడుతున్న జట్టుకు అదే మొదటి స్టాన్లీ కప్పు. బెరూబీ అప్పటికింకా తాత్కాలిక కోచే!