త్స్వానా ప్రజలలో క్రైస్తవం

దక్షిణాఫ్రికా, బోట్స్వానా దేశాలలో నివసించే త్స్వానా ప్రజలకు 1857 నాటికి బైబిలు పూర్తిగా సొంత భాషలో లభించింది. అనువాదకుడు లండన్ మిషనరీ సొసైటీకి చెందిన రాబర్ట్ మొఫట్. దేవునికి వారి 'మొదీమో' పదాన్నే స్వీకరించిన ఆయన, పూర్వీకుల ఆత్మలను తెలిపే 'బదీమో'ను దయ్యాలకు వాడాడు.

క్వేనా రాజు సెచెలే 1848లో లివింగ్‌స్టన్ చేత బాప్తిస్మం పొందడానికి ఒక్క భార్యను ఉంచుకొని, ఏ తప్పూ చేయని తక్కిన భార్యలను విడిచిపెట్టాడు. మరుసటి ఏడు వారిలో ఒకామె అతనివల్ల గర్భవతి కావడంతో ప్రభు భోజనం నుండి అతన్ని తొలగించారు. అయినా అతను మతబోధ మానలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం బోట్స్వానాలో సుమారు 79 శాతం క్రైస్తవులు. వీరిలో అనేకులు ఆఫ్రికన్లే స్థాపించిన స్వతంత్ర సంఘాలవారు. పూర్వీకుల పట్ల భక్తి నేటికీ చాలామందిలో నిలిచే ఉంది. గ్రంథంలో పదానికి అర్థం మార్చినంత మాత్రాన ప్రజల విశ్వాసం మారిపోలేదు.