మంత్రసాని, దొరసాని, నర్సమ్మ

గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల పేరెత్తితే సాహిత్య విద్యార్థికి ముందుగా తోచేవి పండిత సభలు, అవధానాలు, కవులకిచ్చిన వర్షాశనాలు. తిరుపతి వెంకట కవులు ఈ దివాణాలు చూడవచ్చినవారే. వారి 'నానారాజ సందర్శనం' చదివితే ఆ కాలపు కొలువులు కళ్లకు కడతాయి. 'విద్వద్గద్వాల' అన్న మాటను మా వైపు వాళ్లు నేటికీ గర్వంగానే చెప్పుకుంటారు. చెప్పుకోవలసిందే, కాదనను. కాని పద్యానికి పట్టుశాలువా కప్పిన ఆ కోశాగారానికి రెండామడల దూరంలో, రేగడి చేలల్లో వెట్టి చేసే యింటి ఆడపడుచు రెండు రోజులుగా నొప్పులు పడుతుంటే ఆమె దగ్గరికి ఎవరు వెళ్లారు? సంస్థానాల సాహిత్య చరిత్ర రాసినవాళ్లు ఈ ప్రశ్న వేసుకోలేదు. అది తమ పని కాదనుకున్నారు. నేనూ తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణే గనుక వారిని నిందించే అర్హత నాకు లేదు. కాని కావ్యం పుట్టిన కథ చెప్పుకునే చోట మనిషి పుట్టిన కథ కూడా చెప్పుకోవాలి.

వెళ్లింది మంత్రసాని. ఈమె ఎవరు? పల్లెలో ఎక్కువగా మంగలి యింటి స్త్రీ, లేదా మాల మాదిగ వాడల స్త్రీ. ఆమెకు కులం యిచ్చిన పని యిది. నేర్చుకున్నది తల్లి దగ్గరో అత్త దగ్గరో. ఆమె చేతికి కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందో నిలువుగా వుందో తెలుసు. కూర్చోబెట్టి కనిపించాలో, నడిపించాలో, వేడినీళ్లు పోయాలో తెలుసు. కాని బొడ్డు కోసేది యింట్లో వున్న కొడవలితో. ఆ కొడవలికి అంటిన మట్టిలోనే ధనుర్వాతం వుంది. పదకొండో రోజు పురిటిస్నానం అయ్యేదాకా బాలింతను ముట్టుకుంటే మైల. ఆ మైలంతా మోసిన మంత్రసాని మాత్రం జన్మమంతా మైలే. ఆమెకు ముట్టేది కుంచెడు జొన్నలు, వొక పాత చీర, మొగబిడ్డయితే యింకొంచెం. శాస్త్రం ఆమెకు అందలేదు, గౌరవం అంతకన్నా అందలేదు. బాధ్యత మాత్రం ఆమె నెత్తినే వుంది.

ఇక్కడ వొక పొరపాటు దిద్దుకోవాలి. బాలింత మరణాలన్నీ మంత్రసాని మూర్ఖత్వం వల్లనే జరిగాయని పట్టణాల చదువరులు సులభంగా తీర్మానించారు. 1847లో వియన్నా నగరపు ఆసుపత్రిలో జరిగింది వాళ్లు గుర్తుంచుకోలేదు. అక్కడ రెండు ప్రసవ విభాగాలు వుండేవి. డాక్టర్లూ వైద్య విద్యార్థులూ పనిచేసే దానిలో తల్లులు ఎక్కువగా చచ్చిపోయేవారు. మంత్రసానులు పనిచేసే దానిలో తక్కువ. శవాలు కోసిన చేతులతోనే డాక్టర్లు పురిటి గదిలోకి వస్తున్నారని సెమ్మెల్‌వైస్ కనిపెట్టి, చేతులు కడుక్కోమంటే పెద్ద డాక్టర్లకు కోపం వచ్చింది. కనుక దోషం చేతిది కాదు, కడుక్కోని చేతిది. కడుక్కోవడం నేర్పితే మంత్రసాని నేర్చుకోగలదు. నేర్పేవారెవరన్నదే మా జిల్లా చరిత్రలో అసలు ప్రశ్న.

నిజాం ప్రభుత్వం హైదరాబాదులో వైద్య పాఠశాల 1846లోనే పెట్టింది. క్లోరోఫారం మీద ప్రపంచానికి తెలిసిన పరిశోధనలు 1880ల చివర అక్కడే జరిగాయి. రాజధానిలో యింత జరుగుతుండగా కృష్ణ దాటితే వైద్యం లేదు. ఆ ఖాళీలోకి వచ్చింది మిషనరీ. నాగర్‌కర్నూలు, వనపర్తులలో మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్ వారు 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో కేంద్రాలు పెట్టారు. గద్వాల, మహబూబునగరం కేంద్రాలను అమెరికన్ బాప్టిస్టులు 1937లో వీరికే అప్పగించారు. కాతరీనా షెల్లెన్‌బర్గ్ అనే డాక్టరు 1907లో ఈ దేశం వచ్చి, ఈ మిషన్ కేంద్రాల్లో పనిచేసి, చివరికి శంషాబాద్ ఆసుపత్రిలో వుండి 1945 జనవరి 1న కన్నుమూసింది. ముప్పయ్యేడేళ్లకు పైగా! రష్యాలో పుట్టి, అమెరికాలో వైద్యం చదివి, తెలుగు నేర్చుకున్న మనిషి. పల్లెవాళ్లకు తెల్లవాళ్లందరూ దొరలే గనుక వీళ్లు దొరసానులయ్యారు. గడీలో దొరసాని, మిషన్ బంగళాలో దొరసాని. మాట వొకటే. కాని వొకరి గుమ్మం ముందు చెప్పులు విడిచి నిలబడాలి. రెండోవారు గుమ్మం లోపలికి పిలిచి పుండు కడిగేవారు. ఈ భేదాన్ని మాల మాదిగ పల్లెలు గుర్తించకపోతే ఆశ్చర్యపడాలి గాని, గుర్తిస్తే కాదు.

మందుతోబాటు మతం వచ్చింది. సామ్రాజ్యవాదపు నీడ ఆ మిషన్ల మీద వుందనడం సాహసం కాదు. కాని అక్కడితో ఆగితే సగం చరిత్రే చెప్పినట్టు. నర్సు పని మన సమాజంలో అంటరాని పనిగా వుండేది. పరాయి వాళ్ల రక్తం, మలమూత్రాలు ముట్టుకోవడం, రాత్రిళ్లు యింటికి దూరంగా వుండడం, పరపురుషుడి వొంటి మీద చెయ్యి వేయడం, యివి కులీన స్త్రీకి నిషిద్ధాలు. కనుక తెలుగు దేశంలో మిషన్ ఆసుపత్రుల్లో తెల్ల పైట కట్టిన తొలి తరం ఆడపిల్లలు చాలావరకు దళిత క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చారు. ఏ పని చేసినందుకు వారి తల్లుల్ని ముట్టరాదన్నారో, అదే పనికి చదువు, జీతం, పేరు వచ్చాయి. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో పని మొదలుపెట్టి 1898 నాటికి కట్టించిన ఆసుపత్రి కోస్తాలో యిటువంటి మార్పుకు దారితీసింది. మంత్రసాని మనుమరాలు నర్సమ్మ కావడం మన సామాజిక చరిత్రలో చిన్న విషయం కాదు. దీన్ని కథా వస్తువుగా తీసుకున్న రచయితలు మనలో యెందరు?

1943లో నియమించిన భోర్ సంఘం 1946లో నివేదిక యిచ్చింది. ఆ అంకెలు నేటికీ చదవదగినవి. బ్రిటిషిండియాలో నర్సులు సుమారు 7,000. అంటే 43,000 మందికి వొక నర్సు. ఇంగ్లండులో 300 మందికి వొకరు. శిక్షణ పొందిన మంత్రసానులు 5,000. కాన్పు కారణంగా ఏటా సుమారు రెండు లక్షల మంది స్త్రీలు చనిపోతున్నారని సంఘం అంచనా. నలభై వేల మందికి వొక ప్రాథమిక కేంద్రం పెట్టి, అందులో యిద్దరు డాక్టర్లు, నలుగురు ప్రజారోగ్య నర్సులు, నలుగురు మిడ్‌వైఫ్‌లు, శిక్షణ యిచ్చిన నలుగురు దాయిలు వుండాలని తొలి పథకం. ఈ సంఘానికి సలహా యివ్వడానికి 1944లో వచ్చినవారిలో హెన్రీ సిగెరిస్ట్ వొకరు. సోవియట్ వైద్య విధానం మీద 1937లోనే గ్రంథం రాసినవాడు. రష్యాలో 1864 తర్వాత జెమ్‌స్త్వోల కాలంలో మొదలై, విప్లవం తర్వాత పల్లెపల్లెకూ వ్యాపించిన ఫెల్డ్‌షర్, మంత్రసాని కేంద్రాల అనుభవం ఆయనకు బాగా తెలుసు. డాక్టరు లేకపోతే వైద్యం లేదనే పట్టణ సిద్ధాంతాన్ని ఆ దేశం ఆచరణలో కాదన్నది.

మన దగ్గర ఏం జరిగింది? 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం వచ్చింది. దానితో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు. రెండేళ్ల ఆక్సిలరీ నర్సు మిడ్‌వైఫ్ చదువు కూడా ఆ కాలంలోనే. మెట్రిక్ చదవని పల్లెపిల్ల కూడా అందుకోగల చదువు అది. జిల్లాలో తెలుగు వెలుగు పెంచిన సురవరం ప్రతాపరెడ్డి 1952లో వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లారు. 1959లో వనపర్తి రాజభవనంలోకి పాలిటెక్నిక్ వచ్చింది, నెహ్రూ వచ్చి ప్రారంభించాడు. యంత్రం నడిపే కుర్రాడికి రాజభవనం దొరికింది, సంతోషమే. పురుడు పోసే పిల్లకు అటువంటి భవనం దొరకడానికి మరో అరవయ్యేళ్లు పట్టింది.

ఈలోగా నర్సమ్మ పని మారిపోయింది. 1966 నుంచి కుటుంబ నియంత్రణకు లక్ష్యాలు పెట్టారు. 1973లో కర్తార్ సింగ్ సంఘం ఆమెను బహుళార్థ కార్యకర్తను చేసింది. 1977లో చదువును ఇరవైనాలుగు నెలల నుంచి పద్దెనిమిది నెలలకు కుదించి, ప్రవేశానికి పదో తరగతి కావాలన్నారు. ఈ రెండు నిర్ణయాలను కలిపి చూడాలి. చదువు తగ్గింది, గడప పెరిగింది. కాన్పు చేయడం నేర్చుకునే కాలం పోయింది. మైదాన ప్రాంతంలో అయిదు వేల మందికి, గిరిజన ప్రాంతంలో మూడు వేల మందికి వొకరుగా టీకాలు, ఆపరేషన్ల లెక్కలు, రిజిస్టర్లు వచ్చాయి. పల్లెలో ఆమెను చూస్తే బాలింతలు తలుపు తీసేవారు, ముగ్గురు పిల్లల తల్లులు తలుపు వేసుకునేవారు. లక్ష్యాల పద్ధతిని 1996లో ఎత్తివేశారు గాని, ముప్పయ్యేళ్లలో ఆమె చేతి నుంచి జారిపోయిన విద్య తిరిగి రాలేదు.

వేరే దారి లేకపోలేదు. నెల్లూరులో సుందరయ్య గారి తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నడిపిన ప్రజా వైద్యశాల పల్లె కుర్రవాళ్లకు వైద్యం నేర్పి పల్లెకే పంపింది. డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ 'ప్రసూతి, శిశు పోషణ' గ్రంథాన్ని తెలుగు తల్లుల కోసం తెలుగులో రాశారు. జామ్‌ఖేడ్‌లో ఆరోలే దంపతులు 1970 నుంచి నిరక్షరాస్యులైన దళిత స్త్రీలకు పాఠం చెప్పి ఊరి వైద్యులుగా నిలబెట్టారు. చదువు రాకపోవడం తెలివి లేకపోవడం కాదని వీరికి తెలుసు.

ఇప్పటి సంగతికి వస్తే, 2016 అక్టోబరులో పాలమూరు జిల్లా చీలి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరు జిల్లాలయ్యాయి. వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. నర్సింగు కళాశాలలూ ఈ కాలంలోనే ఈ వైపు వచ్చాయి. గొప్ప మార్పు. తక్కువ చేసి చెప్పను. 2019-21 కుటుంబారోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే. కాని అదే సర్వేలో మరో అంకె వుంది: 60.7 శాతం కోతలే. ప్రైవేటులో 81.5, ప్రభుత్వాసుపత్రుల్లో 44.5. పది, పదిహేను శాతం దాటితే సమర్థన లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో అన్నది. నడవలేని దూరం తగ్గింది, కత్తి దగ్గరైంది. సహజ ప్రసవానికి వోపిక కావాలి, రాత్రంతా పక్కన కూర్చునే మనిషి కావాలి. ఆ మనిషిని మనం యాభై ఏళ్ల క్రితమే రిజిస్టరు ముందు కూర్చోబెట్టాం.

దీన్ని గుర్తించే 2017 అక్టోబరులో కరీంనగర్‌లో, హైదరాబాదు ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్‌ల తోడ్పాటుతో, ముప్పయిమంది ప్రభుత్వ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టారు. 2018 చివర కేంద్రం కూడా అటువంటి విధానాన్నే ప్రకటించింది. నర్సు డాక్టరు చెప్పింది చేసే మనిషి కాదు, సహజ ప్రసవానికి తానే బాధ్యురాలు అన్నది దీని సారం. మంచి ఆలోచన. కాని ఆ నర్సును ఏ షరతుల మీద నిలబెడుతున్నాం? 2005 జాతీయ గ్రామీణారోగ్య పథకం కింద కాంట్రాక్టు మీద చేరిన రెండో ఏఎన్ఎంలు 2023 ఆగస్టులో కూడా, మమ్మల్ని పర్మనెంటు చేయండని సమ్మెలో కూర్చున్నారు. మరోపక్క ప్రభుత్వ సంస్థే నర్సింగు చదివిన పిల్లలకు జర్మన్ భాష నేర్పి జర్మనీ పంపుతున్నది. వెళ్లే పిల్లను తప్పు పట్టలేం. మట్టి పనికి పూనా, బొంబాయి వెళ్లిన పాలమూరు కూలీల బిడ్డ ఆమె. వలస ఆమెకు కొత్త కాదు, జీతం కొత్త.

2011 జనాభా లెక్కల్లో గద్వాల ప్రాంతపు అక్షరాస్యత 49.87 శాతం. ఇంటర్మీడియెట్ దాకా వచ్చే ఆడపిల్ల అంటే ఎంత వడపోత దాటి వచ్చిందో దీన్నిబట్టి వూహించుకోవచ్చు. అటువంటి పిల్ల వొకతె రెండేళ్ల క్రితం నా తరగతిలో వుండేది. నర్సింగు చదువుతానన్నది. ఇంట్లో ఏమన్నారని అడిగాను.

"మా అవ్వ మంత్రసాని, సార్. ఊరందరికీ ఆమెనే పురుడు పోసింది. నేను నర్సు సదువుతనంటే, 'సదివినంక నిన్ను పురుడు పోయనిస్తరా బిడ్డా?' అని అడిగింది."

ఇప్పుడా పిల్ల జీఎన్ఎం రెండో సంవత్సరంలో వుంది. మొన్న సెలవులకు వచ్చి కలిసింది. కేసుల పుస్తకంలో రాసుకోవడానికి సహజ ప్రసవాలు దొరకడం కష్టంగా వుందట. వొక్క కాన్పు వస్తే ఆరుగురు పిల్లలు వంతులేసుకుని నిలబడుతున్నారట. అవ్వ ఎలా వుందని అడిగాను. బాగానే వుందనీ, తను యింటికి వెళ్లినప్పుడల్లా, నా చేతులు పట్టుకుని చూడమని, బిడ్డ తల ఎక్కడుందో వేళ్లతో ఎట్లా తెలుసుకోవాలో దిండు మీద చూపిస్తుందనీ చెప్పింది.