వ్యాను డ్రైవరు నిద్ర, చట్టం లెక్క

విడవలూరు వైపు రొయ్యల గుంటల్లో పట్టుబడి అయిందంటే ఇక గడియారంతో పరుగే. ఐసు కరిగేలోపు సరుకు చేరాలి. కౌంటు గురించీ, రేటు గురించీ అందరూ మాట్లాడతారు గానీ, పగలంతా తిరిగి రాత్రి మళ్ళీ స్టీరింగు పట్టుకున్న వ్యాను డ్రైవరు నిద్రపోయి ఎన్ని గంటలైందో ఎవరూ అడగరు. చట్టం మాత్రం ఒకప్పుడు అడిగింది.

తెల్లవాళ్ళ హయాంలో వచ్చిన 1939 మోటారు వాహనాల చట్టంలోనే ఉంది: సరుకు బండి డ్రైవరు చేత ఏకబిగిన ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, అరగంటైనా విశ్రాంతి ఇవ్వాలి. గమనించండి, ఆ నిషేధం డ్రైవరు మీద కాదు, పని చేయించే ఓనరు మీద. అతనికి ఒక్క బండే ఉన్నా సరే.

తర్వాత 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. రోజుకి 8 గంటలు, వారానికి 48. బానే ఉంది కదా అనుకుంటాం. తిరకాసేంటంటే, అది మామూలుగా ఐదుగురు అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థలకే. 1988లో కొత్త మోటారు వాహనాల చట్టం రాసినప్పుడు 91వ సెక్షన్లో సొంతంగా గంటలు చెప్పకుండా, 1961 చట్టంలో ఎంతుంటే అంతే అని చేయి చూపించి ఊరుకున్నారు.

2005లో టాటా ఏస్ వచ్చాక ఒక్క బండి ఓనర్లు ఊరూరా పుట్టుకొచ్చారు. వాళ్ళ దగ్గర ఉండేది ఒక డ్రైవరు, మహా అయితే ఇద్దరు. ఐదుగురు ఎక్కడినుంచి వస్తారు?

ఈలోగా కోర్టుల్లో పోట్లాటంతా లైసెన్సు మీదే. కారు లైసెన్సుతో చిన్న సరుకు వ్యాను నడపొచ్చా లేదా? నడపకూడదంటే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు కంపెనీకి తప్పించుకునే దారి దొరికినట్టే. లోడుతో కలిపి 7,500 కిలోల లోపు బండైతే నడపొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2024 నవంబరు 6న ఐదుగురు జడ్జీల బెంచి అదే ఖాయం చేసింది. అలాంటి లైసెన్సుల వల్లే ప్రమాదాలు పెరిగాయనడానికి లెక్కలేవీ తమ ముందు పెట్టలేదని కూడా అంది. మంచి తీర్పే, డ్రైవర్ల పొట్ట కొట్టలేదు. కానీ నాకైతే ఇన్నేళ్ళూ కాగితం గురించే కొట్టుకున్నాం అనిపిస్తుంది. లైసెన్సు ఏదైనా కునుకు కునుకే.

2025 నవంబరు 21న 1961 చట్టం కొత్త కార్మిక కోడ్‌లో కలిసిపోయింది. అందులో మోటారు రవాణా సంస్థ అంటే పదిమంది ఉండాలి. ఐదు కాస్తా పదయింది! (మా పనిలో ఇఫ్ కండిషన్లో ఒక అంకె మారిస్తే ఎవరెవరు బయటికి పోతారో ముందే టెస్టు చేస్తాం.) మన ఒంటి వ్యాను డ్రైవరు అప్పుడూ బయటే, ఇప్పుడు ఇంకాస్త దూరంగా.

కోవూరు దగ్గర హైవే ఎక్కిన బండి ఏ టోల్ గేటు ఎన్నింటికి దాటిందో సెకన్లతో సహా నమోదవుతుంది, 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు కాబట్టి. అంటే ఆ డ్రైవరు ఎన్ని గంటలు మేలుకున్నాడో దాదాపుగా తెలుసుకునే సమాచారం ఇప్పటికే ఉంది. దాన్ని డబ్బు కోసుకోవడానికి వాడుతున్నాం.