రాయి, చెంబు, పెన్సిలు

ఇంట్లో ఉన్న వస్తువును ఎదురుగా పెట్టుకుని రోజూ గీస్తూ బొమ్మలు నేర్చుకోవడం ఇప్పుడు మామూలు సంగతే. బళ్లలోకి మాత్రం అది తేలిగ్గా రాలేదు. 1837లో లండన్‌లో ప్రభుత్వ డిజైన్ పాఠశాల పెట్టింది చిత్రకారుల కోసం కాదు, మిల్లులకు నమూనాలు గీసిపెట్టేవాళ్ల కోసం. తర్వాత ఆ పాఠశాల పెత్తనం చేపట్టిన హెన్రీ కోల్ హయాంలో రిచర్డ్ రెడ్‌గ్రేవ్ ఆ చదువును 23 మెట్లుగా విడగొట్టాడు. మొదట అచ్చుబొమ్మ చూసి గీతలు, ఆ తర్వాతే ఘనాకారాలు. నీడను చుక్కలతో నింపడానికే నెలలు పట్టేది. ఓపిక పెరిగేదేమో గానీ చూపు పెరిగేది కాదు.

కళావిమర్శకుడు జాన్ రస్కిన్‌కు ఈ వరస నచ్చలేదు. 1854 నుంచి వర్కింగ్ మెన్స్ కాలేజీలో చేతిపనివాళ్లకు పాఠాలు చెప్పి, 1857లో ‘ది ఎలిమెంట్స్ ఆఫ్ డ్రాయింగ్’ రాశాడు. రోజుకు గంట చొప్పున ఆరు నెలలు, మొత్తం సుమారు 150 గంటలు గీస్తే చాలన్నాడు. ఆయన చూపించిన వస్తువు దారిలో దొరికే గుండ్రాయి. చుట్టూ గీత గీసినంత మాత్రాన రాయి ఉబ్బుగా కనిపించదు. వెలుగు మెల్లగా నీడలోకి జారే తీరు పట్టుబడాలి.

ఇటు మద్రాసులో 1850లో డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ పెట్టిన కళాశాలను 1855లో ప్రభుత్వం తీసుకుంది. అక్కడా చేతిపనులకే పెద్దపీట. క్రమంగా డ్రాయింగు మామూలు బళ్లకూ పాకింది. అచ్చుబొమ్మల పక్కన చెంబు, లాంతరు బల్లెక్కాయి.

చెంబు అమాయకంగా కనిపిస్తుంది గానీ గట్టి పరీక్షే. పైనుంచి కాస్త ఏటవాలుగా చూస్తే దాని మూతి గుండ్రంగా కాక కోలగా కనిపిస్తుంది. సరిగ్గా కంటి మట్టానికి ఎత్తితే ఆ కోలా పోయి అడ్డగీత మిగులుతుంది. కిందికి దించేకొద్దీ కోల విప్పారుతుంది. అందుకే బొమ్మలో అడుగు వంపు మూతి వంపుకన్నా ఎక్కువగా తిరగాలి. కొత్తవాళ్లు మూతిని పూర్తి గుండ్రంగా వేసి, అడుగున స్కేలు పెట్టినట్టు గీత లాగేస్తారు. అడుగు చదునుగా ఉంటుందని ముందే తెలుసు కాబట్టి కంటికి కనబడేది చెయ్యి నమ్మదు. రోజూ అదే చెంబును చోటు మార్చి గీస్తే ఈ తప్పు దానంతటదే వదులుతుంది.

హంటర్ బడి నేటికీ చెన్నైలో ప్రభుత్వ లలితకళల కళాశాలగా నడుస్తోంది.