రాతప్రతికీ పుస్తకానికీ మధ్య

లండన్‌లో 1870ల చివరికే ఎ. పి. వాట్ అనే స్కాట్లండ్ ఆయన రచయితల తరఫున ప్రచురణకర్తలతో బేరాలాడటం వృత్తిగా పెట్టుకున్నాడు. ఒప్పందం కుదిర్చి, రచయితకు వచ్చే సొమ్ములో పదో వంతు తీసుకునేవాడు. 1884లో వాల్టర్ బిసెంట్ పూనికతో రచయితల సంఘం ఏర్పడింది. 1896లో జె. బి. పింకర్ రంగంలోకి దిగి, అప్పటికింకా పేరు రాని రచయితలను చేరదీశాడు. జోసెఫ్ కాన్రాడ్‌కు ఏళ్ల తరబడి డబ్బు సర్ది ఆయన చేత నవలలు రాయించింది పింకరే.

అదే కాలంలో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం ఈ పనులన్నీ తానే చేసుకున్నారు. ఆయన ‘రాజశేఖర చరిత్రము’ 1878 నుంచి సొంత పత్రిక ‘వివేకవర్ధని’లో వచ్చి, 1880లో పుస్తకమైంది. కొత్తవారికి దారి చూపింది మాత్రం పోటీలే. న్యాపతి సుబ్బారావు ప్రోద్బలంతో ‘చింతామణి’ పత్రిక 1890లలో నిర్వహించిన నవలల పోటీల్లోనే చిలకమర్తికి నవలాకారుడిగా గుర్తింపు వచ్చింది. నలభై ఏళ్ల తర్వాత ‘వేయిపడగలు’, ‘నారాయణరావు’ ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని పంచుకున్నాయి.

మన పుస్తకానికి నిజమైన సంపాదకుడంటే నాకు కొమర్రాజు లక్ష్మణరావే గుర్తొస్తారు. 1906లో హైదరాబాదులో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలికి ఆయన వచ్చిన రాతప్రతులను వడపోసే మనిషి కాదు. ఏ విషయం మీద తెలుగులో పుస్తకం లేదో చూసి, అది రాయగలవారిని వెతికి పట్టుకున్న మనిషి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు చేత అబ్రహాం లింకన్ చరిత్ర, చిలుకూరి వీరభద్రరావు చేత ఆంధ్రుల చరిత్ర అలా రాయించినవే. ఆ ఒరవడి మనకు నిలవకపోవడం పెద్ద నష్టం.

తర్వాత సంపాదకత్వమంతా పత్రికల చేతుల్లోకి వెళ్లింది. ఆ రోజుల్లో ‘భారతి’లో కథ పడితే చాలు, రచయిత అయినట్టే. కాగితానికి ఒకవైపే, తగినంత మార్జిను వదిలి రాయాలి. ఇది నా సొంత రచన, అనువాదమూ అనుకరణా కాదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదని హామీపత్రం పెట్టాలి. తిరుగు టపాకు స్టాంపులు అంటించిన కవరు జతచేయాలి. ఆ కవరు బరువుగా తిరిగొస్తే కథ వెనక్కి వచ్చిందని విప్పకుండానే తెలిసిపోయేది. ఎందుకు తిప్పి పంపారో రాసే ఓపిక ఉన్న సంపాదకులు కొందరే. ఆ రెండు వాక్యాలే కొత్త రచయితకు బడి.

వారపత్రికలు, మాసపత్రికలు ఊపందుకున్నాక సీరియలే పుస్తకానికి తొలిమెట్టు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ ముందు ‘జ్యోతి’ మాసపత్రికలో వచ్చింది. పాఠకులు సంచిక సంచికకూ ఎదురుచూసిన నవలను అచ్చువేయడానికి ప్రచురణకర్తకు భయమేముంటుంది? ఎమెస్కో పాకెట్ పుస్తకాలు, ‘ఇంటింటా గ్రంథాలయం’ ఆ నవలలను ఊళ్లకు చేర్చాయి. వాట్, పింకర్ లాంటి ఏజెంటు చేయాల్సిన పని పత్రికే చేసిపెట్టింది, అందుకే తెలుగులో ఆ వృత్తి మొలకెత్తలేదు. లెక్క కూడా గిట్టదు. రెండు వందల రూపాయల పుస్తకం ఐదు వందల కాపీలూ అమ్ముడైతే, పది శాతం చొప్పున రాయల్టీ పదివేలు. అందులో ఏజెంటుకు పదిహేను శాతమిస్తే 1,500 రూపాయలు.

సీరియళ్లు తగ్గిపోయాక రచయిత ఒంటరివాడయ్యాడు. చాలామంది డీటీపీ, ముఖచిత్రం, అచ్చు ఖర్చులన్నీ తామే భరించి పుస్తకం తెస్తున్నారు. ప్రూఫులు దిద్దేవారు దొరుకుతున్నారు. మూడో అధ్యాయం అనవసరమని చెప్పేవారే దొరకడం లేదు. తెలుగు నవలకు నేడు అన్నిటికన్నా అవసరమైన మనిషి ఆ చెప్పేవాడేనని నా నమ్మకం.

ఈలోగా పోటీలు మళ్లీ వచ్చాయి, ఈసారి అమెరికా నుంచి. అక్కడి తెలుగు సంఘం ‘తానా’ బహుమతి పొందిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ 2021లో సినిమా అయింది. సినిమా, వెబ్ సిరీస్, ఆడియో, అనువాదం: ఒక్కో హక్కుకూ ఒక్కో ఒప్పందం. సంతకానికి ముందు ఆ కాగితాలను రచయిత పక్షాన చదివిపెట్టే మనిషి అవసరం తెలుగులో ఇప్పుడే మొదలైంది.