కమ్యూనికేషన్ అంటే ఇంగ్లీష్ ఒక్కటే కాదు: జోడేఘాట్ నుంచి మన గ్రామసభ దాకా



కాలేజీల్లో, ఇంటర్వ్యూల్లో మనలో చాలామంది విన్న మాట ఒకటుంది: "నీకు కమ్యూనికేషన్ స్కిల్స్ తక్కువ." అన్నవాళ్ల ఉద్దేశం ఎక్కువసార్లు ఇంగ్లీష్ రాదనే. మనం తలదించుకుని వచ్చేస్తాం. అసలు కమ్యూనికేషన్ అంటే ఏంటి? దాని గురించి చదువుకున్నోళ్లు ఏం చెప్పారు? మన చరిత్రలో మాట ఎక్కడ తెగింది, ఎవరివల్ల తెగింది? ఈ పోస్టులో అదే మాట్లాడుకుందాం. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

ముందు సిద్ధాంతం సంగతి. 1948లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే టెలిఫోన్ పరిశోధన సంస్థలో పనిచేసే క్లాడ్ షానన్ ఒక గణిత వ్యాసం రాశాడు. అందులో ఆయన చూపించిన బొమ్మ చాలా సింపుల్. మాట ఒకచోట పుడుతుంది. దాన్ని సంకేతంగా మార్చి పంపుతారు. అది ఒక దారిలో ప్రయాణిస్తుంది. అవతల దాన్ని విప్పి, చేరాల్సిన మనిషికి చేరుస్తారు. దారిలో కలిసి మాటను చెడగొట్టేదాన్ని 'నాయిస్' అన్నాడు. ఫోన్ తీగలో గరగరలాంటిది. సంకేతం చెడకుండా చేరడమే ఆయనకు కావాలి. ఆ మాటకు అర్థమేంటన్నది తన లెక్కలోకి రాదని ఆయనే రాశాడు.

మరుసటి ఏడాది వారెన్ వీవర్ దీన్ని మనుషుల దగ్గరికి తెచ్చి, మూడు ప్రశ్నలు వేసుకోవాలన్నాడు. సంకేతం సరిగ్గా చేరిందా? అర్థం చేరిందా? అనుకున్న ఫలితం వచ్చిందా? అదే కాలంలో నార్బర్ట్ వీనర్ 'ఫీడ్‌బ్యాక్' గురించి రాశాడు. అంటే తిరిగొచ్చిన కబురును బట్టి, పంపినవాడు తన పద్ధతి సరిదిద్దుకోవడం. 1954లో విల్బర్ ష్రామ్ ఇంకో ముక్క కలిపాడు: ఇద్దరి అనుభవాలు ఎంతమేర కలుస్తాయో, మాట అంతమేరకే అర్థమవుతుంది.

పేర్లు కొత్తవేగానీ సంగతి మనకు కొత్తది కాదు. ఆదిలాబాద్ గూడేల్లో తుడుం మోగితే ఎందుకు మోగిందో విన్నవాళ్లకు తెలుస్తుంది. ఆ దెబ్బే సంకేతం, గాలే దారి. దాని అర్థం ఊరందరికీ ఒకటే కాబట్టి మాట చేరుతుంది. బయటివాడు అక్కడ నిలబడితే అతనికి వినబడేది చప్పుడు ఒక్కటే.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. నిజాం కాలంలో పాలన భాష ఉర్దూ. భూమి కాగితాలు, అడవి ఆర్డర్లు అందులోనే. మన గోండు, కోలాం పెద్దలకు అడవి అంటే ఇల్లు, దేవుడు, తిండి. సర్కారు కాగితంలో అదే అడవి 'రిజర్వు'. మనోళ్లు 'పోడు' అన్నది అక్కడ 'ఆక్రమణ' అయింది. నేల ఒకటే, మాటలు రెండు. ష్రామ్ చెప్పిన కలిసే అనుభవం అక్కడ లేనే లేదు. పట్టా అనే కాగితం విలువ తెలిసిన బయటివాళ్లు వచ్చి పట్టాలు చేయించుకున్నారు. తరాలుగా దున్నినవాళ్ల చేతిలో కాగితం లేకుండా పోయింది.

బాబెఝరి, జోడేఘాట్ చుట్టుపక్కల గూడేలవాళ్లను అడవి నుంచి వెళ్లగొడుతుంటే కుమ్రం భీం నాయకత్వంలో మనోళ్లు ఎదురుతిరిగారు. తుపాకీ కన్నా ముందు మొరలున్నాయి. ఆ మొరలకు జవాబు రాలేదు. 1940లో జోడేఘాట్ కొండల్లో భీం, ఆయన తోటివాళ్లు పోలీసు తూటాలకు నేలకొరిగారు.

ఇక్కడ ఒక్కటి జాగ్రత్తగా చూడాలి. దీన్ని 'భాష అర్థంకాక జరిగిన పొరపాటు' అనుకుంటే మనం చరిత్రకు అన్యాయం చేసినట్టే. భీం ఏం అడుగుతున్నాడో అర్థంకానంత కష్టమైనదా? మా నేల మాకు వదలండి అన్నాడు. వినకపోతే పాలకులకు పోయేదేమీ లేదు, అందుకే వినలేదు. షానన్ బొమ్మలో తీగ కనిపిస్తుందిగానీ, ఫోన్ ఎవరి చేతిలో ఉందో కనిపించదు. ఆ సిద్ధాంతానికి మన చరిత్ర కలిపే పాఠం ఇదే.

జోడేఘాట్ తర్వాత నిజాం ప్రభుత్వానికి గోండుల గురించి తెలుసుకోవాల్సిన అవసరం పడింది. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉండి, గోండీ నేర్చుకుని, మనవాళ్ల బాధలు రాసి పైకి పంపాడు. ఆయన చొరవతో జరిగిన రెండు పనులను ఈ కోణంలో చూడండి. ఒకటి, 1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ మొదలైంది. పిల్లలకు ముందు గోండీలో చదువు, ఆ తర్వాతే వేరే భాషలు. అంటే సంకేతం మార్చుకోవాల్సింది పిల్లవాడు కాదు, బడి. రెండోది, మెస్రం వంశస్థులు కేస్లాపూర్‌లో జరిపే నాగోబా జాతరలో దర్బార్. 1940లలో మొదలైన ఆ దర్బార్‌లో అధికారులు జనం దగ్గరికొచ్చి మొరలు వినాలి. వీనర్ చెప్పిన ఫీడ్‌బ్యాక్ ఇదే కదా! భీం అడిగినప్పుడు లేని దారి, ఆయన నెత్తురు చిందాక తెరుచుకుంది. దర్బార్ ఇప్పటికీ జరుగుతోంది. కానీ విన్న మొర పనిగా మారితేనే అది ఫీడ్‌బ్యాక్. లేకపోతే అర్జీల కట్ట పెరగడమే.

ఇక ఈ రోజు సంగతి. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం మన గ్రామసభకు మాట ఇచ్చాయి. అటవీ హక్కు క్లెయిమ్ మొదలయ్యేదే గ్రామసభలో. సబ్ డివిజన్ కమిటీ నిర్ణయం నచ్చకపోతే 60 రోజుల్లోగా జిల్లా కమిటీకి పిటిషన్ పెట్టుకోవచ్చు. ఇప్పుడు ఆలోచించండి. తిరస్కరించిన కాగితం ఒక అవ్వ ఇంటికొచ్చింది. చదవడం రాక ఆమె దాన్ని చూరులో దోపింది. వీవర్ మొదటి ప్రశ్నకు జవాబు 'చేరింది' అనే. రెండో ప్రశ్న దగ్గర అంతా ఆగిపోయింది. 60 రోజులు గడిస్తే ఆ నేల మీద అవ్వ మాట చెల్లడం కష్టమవుతుంది.

ఆ కాగితానికీ అవ్వకూ మధ్య ఉన్న దారి ఎవరు? మనమే. అందుకే మన తప్పు కూడా ఒప్పుకుందాం. సెలవులకు ఊరికెళ్లినప్పుడు మనం ఫారం నింపుతాం, "ఇక్కడ వేలిముద్ర వెయ్యి అవ్వా" అంటాం, ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోతాం. దాంట్లో ఏముందో చెప్పం. గ్రామసభలో అధికారి తెలుగులో గబగబా చదివేస్తే, అర్థమైన మనం తలూపుతాం, అర్థంకాని పెద్దలు మనల్ని చూసి తలూపుతారు. తీర్మానం అయిపోతుంది. ఆ నిమిషంలో మనం కూడా నాయిస్‌లో భాగమే.

కాబట్టి ఈసారి ఊరికెళ్తే మూడు పనులు చేద్దాం. చూరులో, పెట్టెలో ఉన్న కాగితాలు తీసి తేదీలు చూద్దాం. అందులో ఉన్నది గోండీలో, కోయలో, కోలామీలో, ఇంట్లో ఏ భాష మాట్లాడితే ఆ భాషలో చెబుదాం. చెప్పాక "అర్థమైందా?" అని అడిగి ఊరుకోవద్దు, "నీకేం అర్థమైందో చెప్పు అవ్వా" అందాం. ఆమె తన మాటల్లో తిరిగి చెప్పినప్పుడే మన మాట చేరినట్టు.

ఇంగ్లీష్ నేర్చుకుందాం, అది కావాలి. కానీ ఒక సర్కారు కాగితాన్ని అవ్వకు అర్థమయ్యేలా చెప్పి, ఆమె మాటను మళ్లీ ఆఫీసు దాకా చేర్చగలిగిన పిల్లకు, పిల్లవాడికి కమ్యూనికేషన్ స్కిల్స్ లేవని ఎవరన్నా నమ్మొద్దు. మీ ఊళ్లో ఇలాంటి కాగితం ఆగిపోయి ఉంటే, తేదీ చూసి కింద రాయండి. కలిసి చదువుదాం.

జై ఆదివాసీ.